పోస్టరు అడుగున ఉన్న చిన్న అక్షరాలు



సినిమా పోస్టరు చూడనివాళ్లు ఎవరున్నారు? చదువు రాకపోయినా బొమ్మ చూసి, ఇది ఎన్టీ రామారావు సినిమా, ఇది నాగేశ్వరరావు సినిమా అని జనం చెప్పేవాళ్లు. ఆ పాత పోస్టర్లను వెతికి, కొని, దాచుకునేవాళ్లు ఉన్నారు. కాగితం దాచడమెందుకు అంటారా? వినండి.

‘మిస్సమ్మ’ సినిమా 1955లో వచ్చింది. విజయా సంస్థ తీసింది. ఎల్.వి. ప్రసాద్ దర్శకుడు. సాలూరి రాజేశ్వరరావు సంగీతం. పంతులు ఉద్యోగాల కోసం ఇద్దరు మొగుడూ పెళ్లాలుగా నటించే కథ. ఇంటిల్లిపాదీ కలిసి చూసిన పాటల సినిమా. అది నలుపు తెలుపు సినిమా. అయినా ఆ కాలంలో గోడ పోస్టర్లు రంగుల్లో వేసేవారు. చిత్రకారుడు చేత్తో బొమ్మ వేసేవాడు. లితో పద్ధతిలో ఒక్కో రంగునూ విడివిడిగా అచ్చు వేసేవారు.

ఇలాంటి పోస్టర్లు ఇప్పుడు దొరకడం కష్టం. ఎందుకు? పోస్టరు దాచుకోవడానికి వేసింది కాదు, గోడకు అంటించడానికి వేసింది. మైదా జిగురు పూసి అంటించేవారు. వానకు తడిసేది. జిగురు రుచికి పశువులు పీక్కు తినేవి. కొత్త సినిమా రాగానే దాని మీద ఇంకోటి పడేది. అంటించగా మిగిలినవి కొట్లో పొట్లాలు అయ్యేవి.

ఒక ఇల్లు అనుకుందాం. అటక మీద పాత కాగితాల కట్ట ఉంది. కొనేవాడు వచ్చాడు.

“పాత కాగితాలే కదమ్మా! తూకం వేసి డబ్బులిస్తా” అన్నాడు.

ఆ ఇంటి కోడలు రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. కట్ట విప్పింది. కూడబలుక్కుని చదివింది. “మి... స్స... మ్మ. మామయ్యా, ఇది మిస్సమ్మ! అడుగున అచ్చాఫీసు పేరు కూడా ఉంది.”

ముసలాయన దగ్గరికి వచ్చి చూశాడు. “మా నాన్న ఊరూరా పోస్టర్లు అంటించేవాడమ్మాయ్. జిగురు బకెట్టు నేనే మోసేవాణ్ణి. వేలకు వేలు అంటించాం. మిగిలింది ఇదొక్కటే” అన్నాడు.

కొనేవాడు గబుక్కున, “సరే తాతా, దీనికి వేరే వంద ఇస్తా” అన్నాడు.

తూకానికి అడిగినవాడు ఒక్కదానికే వంద ఎందుకిస్తానన్నాడు? కోడలికి అనుమానం వచ్చింది. “ఇవాళ అమ్మం. కనుక్కుని చెప్తాం” అంది. మంచి పని చేసింది.

పోస్టరు అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

మొదట పేరు చదవాలి. ‘మిస్సమ్మ’ను తమిళంలో కూడా తీశారు. తెలుగులో రామారావు వేసిన వేషం తమిళంలో జెమినీ గణేశన్ వేశాడు. సావిత్రి రెండింట్లోనూ ఉంది. సావిత్రి బొమ్మ ఒక్కటే చూస్తే ఏ సినిమాదో తెలియదు. అక్షరాలు చదివితే తెలుస్తుంది.

రెండోది, అడుగున చిన్న అక్షరాలు చూడాలి. చాలా పోస్టర్ల మీద అచ్చువేసిన ప్రెస్సు పేరు, ఊరి పేరు ఉంటాయి.

మూడోది, ఏ విడుదలకు వేసిన పోస్టరో కనుక్కోవాలి. ‘మాయాబజార్’ 1957లో వచ్చింది. దానికి రంగులద్ది 2010లో మళ్లీ విడుదల చేశారు. 2010 పోస్టరు 1957 పోస్టరు కాదు కదా!

నాలుగోది, భూతద్దంతో చూడాలి. పాత లితో బొమ్మను ఈనాటి యంత్రం మీద నకలు తీస్తే సన్నని చుక్కలు వరసగా కనబడతాయి. కాగితం పచ్చబడింది కదా అని నమ్మకూడదు. టీ నీళ్లు చల్లినా కాగితం పచ్చబడుతుంది. ఏ ఒక్క గుర్తుతోనూ తేల్చుకోవద్దు. అన్నీ కలిపి చూడాలి. తెలిసినవాళ్లకు చూపించాలి.

దాచేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. చిరిగినచోట సెల్లో టేపు వేయొద్దు, మరక పడుతుంది. లామినేషన్ చేయించొద్దు, మళ్లీ విడదీయలేరు. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది. తేమ తగిలితే బూజు పడుతుంది. వదులుగా చుట్టి, శుభ్రమైన నూలు గుడ్డలో పెట్టి, పొడిగా ఉన్నచోట ఉంచాలి.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. సినిమా పేరు, సంవత్సరం, ప్రెస్సు పేరు, కాగితం కొలత, అది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందీ రాయండి. అమ్మదలిస్తే ఇద్దరు ముగ్గుర్ని ధర అడగండి. అమ్మినప్పుడు కాగితం రాయించుకోండి.

సర్కారు కూడా ఈ పని చేస్తోంది. 1964లో పుణె నగరంలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టారు. అక్కడ సినిమాలతో పాటు పోస్టర్లు, పాటల పుస్తకాలు కూడా భద్రపరుస్తారు. గోడకు అంటించిన కాగితానికి అంత విలువ ఉంది.

మీ అటక మీద పాత కాగితాల కట్ట ఉందా? తూకానికి వేసే ముందు ఒక్కసారి విప్పండి. పైన పేరు చదవండి. అడుగున ఉన్న చిన్న అక్షరాలు కూడా చదవండి.