చైత్రమున పెరటితోడు

2020 మార్చి 25వ తేదీని మనము మరువజాలము. శార్వరి ఉగాది ఆనాడే. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనదియు ఆనాడే. వేపపూవు పచ్చడి తిన్నాము, తలుపులు మూసికొన్నాము. ఆదోనిలో పత్తి బేరములు నిలిచినవి. 1938లో మాచాని సోమప్పగారు నేతగాండ్ర సహకార సంఘమును నెలకొల్పిన ఎమ్మిగనూరులో మగ్గముల చప్పుడు సన్నగిల్లినది. ఏప్రిల్ మాసమున కర్నూలు జిల్లాలో రోగుల లెక్క పెరుగుచుండగా, ఆ వార్తలు విని విని మనస్సు చెదరెడిది.

అపుడు మనలో అనేకులకు పెరడు గుర్తు వచ్చినది. విత్తనములకు అంగడి వెదుకనక్కరలేదు. వంటింటి డబ్బాలోని మెంతులు, ధనియాలు చాలును. ధనియాలను నలిపి రెండు బద్దలు చేసి నీడపట్టున చల్లవలెను. మన నల్లరేగడి తడిసిన జిగురు, ఎండిన నెఱ్ఱె. కావున ఇసుకయు, చివికిన పశువుల ఎరువును కలిపితిమి. తుంగభద్ర దిగువ కాలువను నమ్మిన ఊళ్లలో చైత్రమున కడవ నీరును లెక్కలోనిదే. బియ్యము కడిగిన నీరు మడికే పోసితిమి. మోయుటకు పిల్లలు పోటీపడిరి. బడి లేదు గదా!

మెంతులు నాలుగు దినములలో తలలెత్తినవి. ప్రొద్దున వార్తలకన్న ముందు మడిని చూచుట అలవాటైనది. ధనియాలకు పది దినములకు పైగా పట్టును. ఓపిక లేనివారు మన్ను త్రవ్వి చూచిరి. నెల తిరుగకమునుపే మెంతికూర పప్పులో పడినది; మిగిలిన కట్ట గోడమీదుగా ప్రక్కయింటికి పోయినది.