ఈసీటీ రిజిస్టర్‌లో ఒక గడి

యువ వైద్యులారా!

మీలో సైకియాట్రీ వైపు వెళ్లేవాళ్లు కొద్దిమందే. అయినా మెదడుకు కరెంటు ఇచ్చి మూర్ఛ తెప్పించే చికిత్స, ఈసీటీ (ఎలక్ట్రోకన్వల్సివ్ థెరపీ) గురించే మాట్లాడతాను. ఊళ్లో దాన్ని ‘కరెంటు షాక్’ అంటారు, శిక్షేమోనని భయపడతారు. తిండి మానేసి చావునే తలుచుకునే మనిషికి అది ప్రాణం నిలిపే చికిత్స. సరిగా ఇస్తేనే సుమా! 1938లో రోములో సెర్లెట్టి, బీనీ మొదలుపెట్టినప్పుడు మత్తు లేదు. మూర్ఛ తీవ్రతకు ఎముకలు విరిగేవి. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 95వ సెక్షన్, మత్తూ కండరాలు సడలించే మందూ లేని ఈసీటీని నిషేధించింది.

నిషేధం అమలవుతోందో లేదో కేసు షీట్లే చెప్పాలి. ఆడిట్ అంటే అదే. సమ్మతి పత్రం మీద సంతకం రోగిదా, బావమరిదిదా? మత్తు డాక్టరు పేరుందా? మూర్ఛ ఎన్ని సెకన్లు? తర్వాత జ్ఞాపకశక్తిని ఎవరైనా పరీక్షించారా?

మన పత్తి, మిరప నేలలో మరో ప్రశ్న తప్పనిసరి: పురుగుమందు తాగాడా? ఈమధ్య పిచికారీ చేశాడా?

2021-22లో నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం మిరప చేలను ఊడ్చేసింది. రైతులు మందు మీద మందు కొట్టారు. అప్పులకు కుంగి ఆ డబ్బానే నోటికెత్తినవాళ్లను మీరు క్యాజువాలిటీలో చూసే ఉంటారు. ఆర్గానోఫాస్ఫేట్ రకం మందు ఒంట్లోని కోలినెస్టరేజ్‌ను పనిచేయనివ్వదు. ఈసీటీ ముందు కండరాలు సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ప్రభావాన్ని దించాల్సింది ఆ ఎంజైమే. నిమిషాల్లో దిగాల్సిన మందు గంటలు నిలిచిపోవచ్చు. అంతసేపూ ఆ మనిషి సొంతంగా ఊపిరి తీయలేడు. ఎంజైమ్ కోలుకోవడానికి వారాలు పడుతుంది. ఈలోగా, ఐసీయూలో మనం బతికించిన రైతే కుంగుబాటు తగ్గక ఈసీటీ బల్లమీదికి వస్తాడు! ఈ సంగతి నన్ను నిలవనీయదు.

కాబట్టి ఈసీటీ రిజిస్టర్‌లో పురుగుమందు ప్రశ్నకొక గడి గీయండి. డబ్బా తెమ్మని ఇంట్లోవాళ్లను అడగండి, కోలినెస్టరేజ్ పరీక్ష చేయించండి, మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. వేరే సడలింపు మందు వాడటమో, కొన్నాళ్లు ఆగడమో ఆయన నిర్ణయిస్తారు. మూణ్ణెల్లకోసారి రిజిస్టర్ తీసి ఎన్ని కేసుల్లో ఆ గడి నిండిందో లెక్కపెట్టండి. గడి ఖాళీగా ఉంటే ఆ పూట ఈసీటీ ఆపమనే అధికారం డ్యూటీ నర్సమ్మకూ హౌస్ సర్జన్‌కూ ఉండాలని మీ ప్రొఫెసర్ల చేత రాయించుకోండి.