అంధునకు దారిచూపు జాగిలము



స్వర్గద్వారమున ఇంద్రుడు కుక్కను విడిచి రమ్మనగా ధర్మరాజు సమ్మతింపలేదు. అట్టి పట్టుదలయే అమెరికాదేశమున ఒక అంధునియందు కానవచ్చినది.

మొదటి ప్రపంచయుద్ధమున చూపు కోల్పోయిన సైనికులకై 1916లో జర్మనీయందలి ఓల్డెన్‌బర్గ్ నగరమున జాగిలముల శిక్షణాలయము వెలసినది. 1928లో మోరిస్ ఫ్రాంక్ అను అమెరికా యువకుడు స్విట్జర్లాండునకేగి, అచట శిక్షణ పొందిన 'బడీ' యను ఆడుజాగిలముతో మరలివచ్చెను. మరుసటి యేడు నాష్‌విల్ నగరమున 'సీయింగ్ ఐ' యను శిక్షణాలయము స్థాపితమయ్యెను.

ఎటు పోవలెనో నిర్ణయించునది జాగిలము కాదు, యజమానియే. అడ్డములను తప్పించి నడిపించుట దాని పని. ముందునకు సాగుమని యతడాజ్ఞాపించినను, వాహనమెదురైనచో అది కదలదు. ఆజ్ఞను మీరి ప్రాణము కాపాడుటయే దాని విద్యకు పరాకాష్ఠ.

అట్టి జాగిలమునకును రైళ్లలో, హోటళ్లలో ప్రవేశము దుర్లభమై యుండెను. ఫ్రాంక్ ఊరూర తిరిగి వాదించెను. 1935 నాటికి ఆ దేశపు రైలు సంస్థలన్నియు యజమానితోపాటు దానిని అనుమతించినవి.

అంధుని జాగిలమును వెలుపల నిలుపుమనుట అతని కన్నులను గుమ్మముకడ విడువుమనుటయే. పనిలోనున్నప్పుడు దానిని పిలువరాదు, తాకరాదు, తిండి చూపరాదు. తొలగి దారి యిచ్చుటయే మనము చేయదగిన సాయము.