డ్రమ్ములో ఏముందో అడుగుదాం

(టేకులపల్లిలో, పనికోసం పట్నం పోయే యువకుల కుటుంబాలతో జరిగిన సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను పెద్ద ఉపన్యాసం ఇవ్వడానికి నిలబడలేదు. ఒక డ్రమ్ము సంగతి చెప్పడానికి నిలబడ్డాను.

మా ఇంటి పని నడిచేటప్పుడు నీళ్లకని ఒక పాత ఇనుప డ్రమ్ము కొన్నాను. పైభాగం కోయిద్దామని వెల్డింగు షాపుకు తీసుకపోయిన. ఆ తమ్ముడు బిరడా విప్పి, వాసన తగలగానే వెనక్కి జరిగాడు. "సారూ, ఖాళీ డ్రమ్మే గదా అనుకుంటున్నవా? దీనికి మంట పెడితే నువ్వూ ఉండవు, నేనూ ఉండను" అన్నాడు. డ్రమ్ము మీద కాగితం ఉంది. ఎర్రటి పలక గుర్తు, అందులో మంట బొమ్మ, కింద ఇంగ్లీషులో బ్యూటైల్ అక్రిలేట్ అని పేరు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. చదవడం వచ్చి కూడా ఆ కాగితం చదవలేదు. ఏడో తరగతిలో బడి మానేసిన తమ్ముడు నా ప్రాణం కాపాడాడు. ఆ సిగ్గుతోనే ఈ సంగతులన్నీ తెలుసుకున్నాను.

ఇది మనకెందుకు అని అడగొచ్చు. మన వాడల నుంచి, గూడేల నుంచి, తండాల నుంచి పిల్లగాళ్లు కాంట్రాక్టర్ల వెంట కంపెనీలకు పోతున్నారు. ఏం పనిరా అంటే "హెల్పర్ సార్" అంటారు. హెల్పర్ అంటే ఎవరు? డ్రమ్ములు దొర్లించేవాడు, కారింది తుడిచేవాడు, ట్యాంకులోకి దిగి కడిగేవాడు. ఊళ్లో ఎవరు ఏ పని చెయ్యాలో పుట్టుకతోనే రాసిపెట్టారు. కంపెనీలో ఆ రాత లేదంటారు. కానీ ట్యాంకులోకి దిగే పని వచ్చినప్పుడు ముందు ఎవర్ని పిలుస్తారో మీకు తెలుసు.

అక్రిలేట్లంటే రంగుల్లో, జిగురుల్లో, ప్లాస్టిక్కులో వాడే ద్రవాలు. చూడ్డానికి నీళ్లలాగే ఉంటాయి. వాసన మాత్రం ముక్కు పగిలేలా ఉంటుంది. వీటికి రెండు గుణాలున్నాయి.

మొదటిది, తొందరగా అంటుకుంటాయి. బ్యూటైల్ అక్రిలేట్ 40 డిగ్రీల లోపే అంటుకునేంత ఆవిరి ఇస్తుంది. మీథైల్ అక్రిలేట్ అయితే మంచు గడ్డకట్టే చలిలో కూడా ఇస్తుంది. మన ఎండాకాలం 45 డిగ్రీలని మరిచిపోవద్దు. ఈ ఆవిరి గాలికంటే బరువు. పైకి పోదు, నేలమీద పాకుతుంది, మోరీల్లో, గుంటల్లో చేరుతుంది. ఎక్కడో దూరాన బీడీ నిప్పు తగిలితే మంట అక్కడినుంచి వెనక్కి వస్తుంది. ఖాళీ డ్రమ్ములో ద్రవం లేకపోయినా ఆవిరి ఉంటుంది. అందుకే నిండు డ్రమ్ముకంటే ఖాళీ డ్రమ్మును కోయడం మరీ ప్రమాదం.

రెండో గుణం, బయట నిప్పు లేకుండానే లోపల వేడెక్కడం. మన కోయగూడెం గని బొగ్గు సంగతి మీకు తెలుసు. కుప్ప పోసి చాలా రోజులు ఉంచితే తనంతట తనే కాగి పొగ వస్తుంది. అక్రిలేట్ కూడా అంతే. అందులోని అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గొలుసులా కలుస్తాయి. కలిసినప్పుడల్లా వేడి పుడుతుంది. వేడి పెరిగితే ఇంకా తొందరగా కలుస్తాయి. చివరికి డ్రమ్ము ఉబ్బి పగులుతుంది. ఇది జరగకుండా కంపెనీలోనే కొంచెం ఆపే మందు కలుపుతారు. ఆ మందు పనిచెయ్యాలంటే గాలి ఉండాలి. అందుకే డ్రమ్మును నిండా నింపరు, పైన ఖాళీ వదులుతారు. ఎండలో ఉంచితే, ఎక్కువ కాలం నిలవ ఉంచితే మందు అయిపోతుంది. కాపలాదారు వెళ్లిపోయిన ఇల్లులాగ అవుతుంది.

మందు అయిపోతే ఏమవుతుందో విశాఖపట్నం చూసింది. 2020 మే 7, తెల్లవారుజామున 3 గంటల వేళ. ఆర్.ఆర్. వెంకటాపురంలో జనం నిద్రలో ఉన్నారు. పక్కనే ఎల్.జి. పాలిమర్స్ కంపెనీలో స్టైరీన్ ట్యాంకు. స్టైరీన్ అక్రిలేట్ కాదు గానీ, అంటుకోవడంలో, తనంతట తను కాగడంలో దానికి తోబుట్టువు. లాక్‌డౌన్‌లో ఆ ద్రవం కదలకుండా నిలవ ఉంది. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ 2020 జూలైలో నివేదిక ఇచ్చింది. ఆపే మందు చాలినంత లేదు. ఉష్ణోగ్రత కొలిచే సాధనం ట్యాంకు అడుగున ఉంది, వేడి పైన పెరిగింది. చల్లబరిచే యంత్రాన్ని సాయంత్రమే ఆపేసేవాళ్లు. సైరన్ ఉంది, మోగలేదు. 12 మంది చనిపోయారు, 585 మంది ఆసుపత్రి పాలయ్యారు. పరుగెత్తుతూ దారిలోనే కూలిపోయారు.

మిగతావన్నీ యంత్రాల సంగతులు. సైరన్ మోగకపోవడం మాత్రం మనుషుల సంగతి. గోడ అవతల ఏముందో గోడ ఇవతల వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మళ్లీ 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఫార్మా కంపెనీలో ద్రావకం కారి, దాని ఆవిరి అంటుకుని 17 మంది పోయారు. పేరు మారింది, గుణం అదే.

ఇప్పుడు పనికి పోయే తమ్ముళ్లు వినండి. డ్రమ్మును ఎండలో పెట్టనియ్యొద్దు, 35 డిగ్రీలు దాటనియ్యొద్దు. ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి పోసేటప్పుడు రెంటికీ ఎర్తింగు తీగ తగిలించాలి, ద్రవం పారేటప్పుడు పుట్టే చిన్న మెరుపు చాలు అంటుకోవడానికి. బట్ట గ్లవుజులు వద్దు, అవి ద్రవాన్ని పీల్చి చర్మానికే పట్టిస్తాయి. రసాయనాలు ఆపే రబ్బరు గ్లవుజులు, కళ్లద్దాలు అడగండి. ఒంటిమీద పడితే తడిసిన బట్టలు వెంటనే విప్పి నీళ్లతో కడుగుతూనే ఉండాలి. కంట్లో పడితే రెప్పలు తెరిచి కనీసం 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి పోవాలి. మింగితే వాంతి చేయించొద్దు. డ్రమ్ము ఉబ్బినా, చెయ్యి దగ్గర పెడితే వేడి కొట్టినా బిరడా ముట్టుకోకుండా అందర్నీ తీసుకుని దూరం పోండి. గాలి పరీక్ష చెయ్యకుండా, పైన మనిషి లేకుండా ట్యాంకులోకి దిగొద్దు. లోపల ఒకడు పడిపోతే ఉత్త చేతులతో ఇంకొకడు దిగొద్దు. అట్లా కాపాడబోయి పోయినవాళ్లు ఎందరో.

ఇంటిదగ్గర ఉండేవాళ్లకు రెండు మాటలు. రోడ్డు మీద ట్యాంకరు బోల్తా పడితే బిందెలు పట్టుకుని పోవద్దు. ఎర్రపలక మీద మంట బొమ్మ, పక్కన నాలుగంకెల నంబరు ఉంటుంది. 2348 అంటే బ్యూటైల్ అక్రిలేట్, 1917 అంటే ఈథైల్ అక్రిలేట్. దూరం నుంచే నంబరు చూసి 112కు చెప్పండి. గాలి ఎటునుంచి వీస్తుందో చూసి దానికి అడ్డంగా, ఎత్తు ప్రదేశానికి పోండి. ముఖానికి తడిగుడ్డ ఊరటే గానీ రక్షణ కాదు. రెండోది, సంతలో దొరికే రసాయనాల డ్రమ్ములు నీళ్లకు, గింజలకు కొనొద్దు. 2016 నిబంధనల ప్రకారం అవి ప్రమాదకర వ్యర్థాలు. అనుమతి ఉన్నచోట శుభ్రం చెయ్యకుండా అమ్మకూడదు.

ఇక హక్కు మాట. భోపాల్ తరువాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదాల వివరాలు కార్మికులకూ చుట్టుపక్కల జనానికీ చెప్పాలని రాశారు. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో కొత్త కోడ్ వచ్చింది, అందులోనూ ఆ బాధ్యత ఉంది. ప్రతి రసాయనానికీ భద్రతా వివరాల పత్రం ఉంటుంది. అది తెలుగులో చదివి వినిపించమని అడగడం గొడవ పెట్టుకోవడం కాదు. "సార్, ఇందులో ఏముంది?" అనే ఒక్క మాట. ఒక్కడు అడిగితే పనిలోంచి తీస్తారన్న భయం నాకు తెలుసు. అందుకే పదిమంది కలిసి అడగాలి. పేరు రాసుకుని ఇంటికి ఫోను చెయ్యండి. మేం ఇక్కడ చదివి చెబుతాం.

1943 డిసెంబరులో, వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్న అంబేద్కర్ ధన్‌బాద్ బొగ్గుగనిలోకి స్వయంగా దిగి కార్మికుల పని చూశారు. కాగితం మీద చదివి ఊరుకోలేదు. నేను కాగితం కూడా చదవకుండా డ్రమ్ము కొన్నవాణ్ణి.

ఆ కాగితంలో ఉన్నదంతా ఇప్పుడు మా బడి నల్లబల్ల మీద తెలుగులో రాశాను. పిల్లలు చూసి రాసుకుంటున్నారు. రేపు వాళ్లలో ఎవడైనా హెల్పరుగా పోతే, డ్రమ్ము ముట్టుకునే ముందు పేరు చదవాలి. చదివి, అడగాలి. అడిగినవాడి వెనక మనం నిలబడాలి.

ఇంతే నా మాట. జైభీమ్.