పొరుగింట్లోనూ దీపం వెలగాలి

(భిలాయిలో జరిగిన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



ఇరుగుపొరుగు దేశాలకు ఉమ్మడి ఇంధన విధానం అవసరమా అనే అంశం నాకిచ్చారు. ఇంతమంది ఇంజనీర్లున్న ఊళ్ళో, ఇంటర్మీడియట్ చదివిన నన్ను మాట్లాడమనడం మీ పెద్దమనసు. అయితే ఇంధనం విలువ ఫౌజీకి తెలియదా? మంచు పోస్టులో చలికాలానికి కావలసిన కిరోసిన్ దారులు మూసుకుపోక ముందే జెర్రీక్యాన్లలో పైకి చేర్చుకుంటాం. బుఖారీ ఆరిపోతే వేళ్ళు కొంకర్లు పోతాయి. అప్పుడు రైఫిల్ ఎంత మంచిదైతే ఏం లాభం? దేశం సంగతీ అంతే.

మన భిలాయినే చూడండి. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. ఇనుప ఖనిజం దల్లీ రాజహరాలో దగ్గరగానే దొరికింది. మన దేశపు ఉక్కు పరిశ్రమకి కోకింగ్ బొగ్గు మాత్రం చాలావరకు ఇప్పటికీ ఓడల మీద రావలసిందే. అన్నీ తన దగ్గరే ఉన్న దేశం లేదు.

రెండు ప్రపంచ యుద్ధాల్లో కొట్టుకున్న ఫ్రాన్స్, జర్మనీల సంగతి చూడండి. ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ మరో నాలుగు దేశాలతో కలిసి 1951లో పారిస్‌లో ఒప్పందం చేసుకున్నాయి. దేని మీద? బొగ్గు, ఉక్కు మీద! అవి ఉమ్మడి అజమాయిషీలో ఉంటే ఒకరి మీద ఒకరు యుద్ధానికి సిద్ధం కాలేరని వాళ్ళ ఆలోచన. నేటి యూరోపియన్ యూనియన్‌కి అదే పునాది.

మన దగ్గరా పని మొదలైంది. భూటాన్‌లో 1020 మెగావాట్ల తాలా ప్రాజెక్టు మన సాయంతో కట్టారు. కరెంటు మనకి, ఆదాయం వాళ్ళకి. 2013 నుంచి బహరంపూర్–భేరమారా లైను మీద బంగ్లాదేశ్‌కి కరెంటు పోతోంది. 2024 నవంబరులో నేపాల్ కరెంటు మన తీగల మీదుగా బంగ్లాదేశ్ చేరింది. వానాకాలంలో నేపాల్‌కి కరెంటు మిగులు, చలికాలంలో కొరత. ఒకరి మిగులు ఇంకొకరి కొరత తీరుస్తుంది.

కానీ ఇవన్నీ ఇద్దరి మధ్య, ముగ్గురి మధ్య కుదిరిన ఏర్పాట్లే. 2014లో ఖాట్మండులో సార్క్ దేశాలన్నీ విద్యుత్ సహకార ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఆ తర్వాత సార్క్ శిఖరాగ్ర సమావేశమే జరగలేదు. ఇల్లు అలకగానే పండుగ కాదు కదా!

"పొరుగువాడితో కలిస్తే వాడి కష్టం మనకీ అంటుకోదా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2012 జులైలో ఉత్తరాది గ్రిడ్ కూలినప్పుడు, కొన్ని రాష్ట్రాలు వాటాకు మించి కరెంటు లాగడం ఒక కారణమని తేలింది. దక్షిణాది గ్రిడ్ మాత్రం నిలిచింది. అప్పట్లో దాన్ని మిగతా దేశంతో కలిపినవి విశాఖ గాజువాక వంటి చోట్ల ఉన్న డీసీ స్టేషన్లు. అవి కరెంటుని పోనిస్తాయి, కుదుపుని పోనివ్వవు. భేరమారాలోనూ అదే ఏర్పాటు.

ఇక డబ్బు సంగతి. మన ఛత్తీస్‌గఢ్ తెలంగాణకి 1000 మెగావాట్లు అమ్మే ఒప్పందం చేసుకుంది. చివరికి బకాయిల లెక్క దగ్గర పేచీ వచ్చింది. ఒకే దేశంలోని రెండు రాష్ట్రాలకే ఇలా అయితే, రెండు దేశాల మాటేమిటి? అందుకే వాటా ఎంత, బిల్లు ఎప్పుడు కట్టాలి, తగువొస్తే ఎవరు తీర్చాలి అన్నవి ముందే రాసుకోవాలి. ఉమ్మడి విధానమంటే నా దృష్టిలో ఇదే. స్నేహం ఒక్కటే చాలదు, డిసిప్లిన్ కూడా కావాలి.

సోదరులారా, పొరుగు దేశంలో ఫ్యాక్టరీ ఆగిపోతే అక్కడి కుర్రాళ్ళకి పని పోతుంది. ఆ అశాంతి సరిహద్దు దాటితే ముందు ఎదుర్కొనేది డ్యూటీలో ఉన్న జవానే. ఈ రోజు ఆ పోస్టుల్లో ఉన్నది మన పిల్లలే. వాళ్ళ కోసమైనా పొరుగింట్లో దీపం వెలగాలని కోరుకుందాం.

సెలవు. జై హింద్!