ఇంటిపన్ను తగ్గింపు: ఇల్లు కొనువారికి ఒరుగునదేమి?

(పట్టణ పఠనమందిరమున జరిగిన సభలో గావించిన ఉపన్యాసము)



పురపాలకసంఘపు ఎన్నికలు వచ్చినప్పుడెల్ల ఒక వాగ్దానము మన చెవిని బడుచుండును: “మమ్ము గెలిపింపుడు, ఇంటిపన్ను తగ్గింతుము.” ఈ మాట ఎవరికి చేదు? ఇల్లు గలవారు సంతోషింతురు. ఇల్లు లేనివారు సయితము, “రేపు మేమును కొనబోవువారమే గదా, మాకును భారము తగ్గును” అని తల యూపుదురు. ఈ రెండవవారి ఆశ ఎంతవఱకు నిజమో విచారించుటయే నేటి మా ప్రసంగమునకు విషయము. మా అభిప్రాయమును ముందుగనే చెప్పివేయుదుము. పన్ను తగ్గిననాడు ఇల్లు ఎవరి చేతిలో నున్నదో, ఆ లాభములో పెద్దపాలు వానిదే. తరువాత కొనువాడు తనకు తగ్గిన పన్నులో చాలభాగమును ధరలో కలిపి ముందే చెల్లించును.

పన్నుల మాట యెత్తగనే ఆంధ్రులకు చీరాల-పేరాల జ్ఞప్తికి రాక మానదు. ఆ జంటయూళ్లపై ప్రజల యిష్టమునకు విరోధముగా మునిసిపాలిటీని రుద్ది, మోయరాని పన్నులు విధింపబూనగా, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున జనులు తమ యిండ్లను విడిచి, ఊరి వెలుపల రామనగరమున పాకలలో దాదాపు 11 నెలలు కాపురముండిరి. ఆ త్యాగమును తలచుకొని నేటికిని మనము గర్వింతుము. కాని వారు కాదనినది తమ సమ్మతి లేని పన్నును. మనము ఎన్నుకొన్న సంఘము మన వీధికొఱకు, మన నీటికొఱకు విధించు పన్నును వేఱుగ విచారింపవలెను. దానిని ఎవరు చెల్లించుచున్నారు? తగ్గించినచో ఎవరికి మిగులును? ఎవరికి లోటు కలుగును?

ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పగల అనుభవము అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున లభించుచున్నది. అచ్చట 1978లో జరిగిన పన్ను తగ్గింపు ఫలితములు దాదాపు అర్ధశతాబ్దముగా లోకమునకు కనబడుచున్నవి. అంతియకాదు, శాన్ హోసే, ఫ్రీమాంట్, సన్నీవేల్ వంటి పట్టణములలో మన తెలుగు కుటుంబములు వేలకొలది స్థిరపడినవి. ఆ యిండ్ల ధరల మాట మన పట్టణముల అరుగులమీదను వినబడుచుండుట మీ రెఱుగుదురు.

మొదట ఆ యుద్యమమునకు కారణము చెప్పవలెను. 1960ల నడుమ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆస్తుల విలువకట్టు అధికారి లంచములు తీసికొని వర్తకుల ఆస్తులకు పన్ను తగ్గించినట్లు బయటపడెను. అందుపై రాష్ట్ర శాసనసభ 1966లో చట్టము చేసి, ఆస్తులన్నిటిని అంగడివిలువలో ఒకే వంతున మదింపు వేయవలెనని శాసించెను. ఉద్దేశము మంచిదే. కాని అంతవఱకు అధికారులు గృహస్థుల యిండ్లకు కొంత తక్కువ విలువకట్టు వాడుక యుండెను. ఆ చనవు పోయెను. 1970లలో ఇండ్ల వెలలు ఏటేట ఎగబ్రాకగా పన్నును వానివెంటనే ఎగబ్రాకెను. జీతము పెరుగని ఉద్యోగి, పింఛనుపై బ్రదుకు వృద్ధుడు, తాము అమ్మదలపని యింటికి ధర పెరిగినదన్న కారణముచేత పన్ను కట్టలేక కటకటపడిరి. రాష్ట్రపు బొక్కసమున ఆ కాలముననే కోట్లకొలది డాలర్లు మిగులు చూపుచుండగా శాసనసభ సకాలమున ఉపశమనము చూపలేకపోయెను. కావున ప్రజాగ్రహము న్యాయమైనదే.

ఆ యాగ్రహమును హొవర్డ్ జార్విస్, పాల్ గాన్ అనువారు సంతకముల ఉద్యమముగా నడపి, 13వ ప్రతిపాదనను ప్రజల వోటునకు తెచ్చిరి. 1978 జూన్ 6వ తేదీన అది గొప్ప ఆధిక్యముతో నెగ్గెను. దాని షరతులు ముఖ్యముగా నాలుగు. ఆస్తిపన్ను విలువలో నూటికి 1 వంతును మించరాదు. అంతకుముందు సగటున నూటికి రెండున్నర దాటియుండెను. విలువను 1975 నాటి మట్టమునకు వెనుకకు తీసికొనిపోవలెను. ఆపైన మదింపు ఏటికి నూటికి 2 వంతులకన్న పెరుగరాదు. ఆస్తి చేతులు మారిననాడు మాత్రము నాటి అంగడివిలువకు మఱల మదింపు వేయవలెను. ఈ నాలుగవ షరతును జ్ఞప్తియందుంచుకొనుడు; కొనువాని కష్టములలో పెద్దది అందే యున్నది.

ఇక పన్నునకు ధరకు గల సంబంధమును చూతము. ఒక యింటికి ఏటికి 1,000 డాలర్ల పన్ను తగ్గినదనుకొందము. కొనదలచినవారు పదిమంది యున్నారు, ఇల్లు ఒక్కటి. పదిమందియు, “ఏటికి 1,000 డాలర్లు మిగులును గదా” అని లెక్కించి కొంచెము కొంచెముగా ధర పెంచుదురు. వడ్డీ నూటికి 10 ఉన్నచో, 10,000 డాలర్ల అప్పునకు ఏటి వడ్డీ 1,000. కావున ధర 10,000 పెరుగువఱకు పోటీ సాగవచ్చును. అంతవఱకు పెరిగినచో కొన్నవానికి మిగిలినదేమి? పురపాలకసంఘమునకు కట్టవలసిన వేయి డాలర్లను అప్పిచ్చిన బ్యాంకునకు కట్టుచున్నాడు. పదివేలు అమ్మినవాని పెట్టెలో చేరినవి.

ఇది ఊహ మాత్రమే కాదు. 1969లో వాలెస్ ఓట్స్ అను అర్థశాస్త్రజ్ఞుడు న్యూజెర్సీ ఉత్తరభాగమునందలి 53 పట్టణముల లెక్కలు పరిశీలించి, తక్కిన వసతులు సమానమైనప్పుడు పన్ను హెచ్చుగానున్న పట్టణములలో ఇంటివెల తక్కువగా నుండునని చూపెను. 13వ ప్రతిపాదన నెగ్గిన తరువాత కెన్నెత్ రోజెన్ శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరములలోని ఊళ్లను ఒకదానితో నొకటి పోల్చి 1982లో తన ఫలితమును ప్రకటించెను. ఒక యూరికంటె మఱియొక యూర ఏటిపన్ను ఒక డాలరు అధికముగా తగ్గినచో, అచ్చట ఇంటివెల సుమారు 7 డాలర్లు అధికముగా పెరిగినదని అతడు కనుగొనెను. ఆనాటి వడ్డీ నూటికి 10 ప్రాంతముననుండెను. కావున మిగిలిన ప్రతి డాలరులో 70 సెంట్లు వడ్డీరూపమున మఱల పోయినట్లే.

మఱియొక సూక్ష్మము కలదు. పన్ను ఏటేట సంపాదనలోనుండి కట్టునది. ధర పెరిగినచో తొలి రొక్కము ముందుగనే చేత నుండవలెను. తండ్రితాతల ఆస్తి గలవాడు దానిని తేగలడు; చెమటోడ్చి సంపాదించుకొను పడుచుదంపతులు తేలేరు. పన్ను హెచ్చినచో సంఘమును నిలదీసి తగ్గింపుమని అడుగవచ్చును. చెల్లించిన ధరను ఎవరిని అడిగి తగ్గించుకొందుము?

ఇండ్ల వెలలు పెరుగుటకు ఇదియొక్కటే కారణమని మేము చెప్పము. కాలిఫోర్నియాలో ఉద్యోగములు పెరిగినవి. సముద్రతీరపు పట్టణములలో కొత్త యిండ్ల నిర్మాణమునకు నిబంధనలు అడ్డుపడినవి. నేల విస్తారముగా నుండి, కట్టుటకు అనుమతి సులభముగా దొరకుచోట పన్ను తగ్గినప్పుడు కొత్త యిండ్లు లేచి ధరను కొంత అదుపులో నుంచును. నేల ఇఱుకై, నిర్మాణము నిలిచినచోట తగ్గింపు నేరుగా వెలలోనే కలియును. ఇల్లు దొరకుట ఎచ్చట అన్నిటికంటె కష్టమో, అచ్చటనే తగ్గింపువలన కొనువానికి మేలు అన్నిటికంటె తక్కువ.

ఇప్పుడు నాలుగవ షరతునకు వత్తము. ఒక వీధిలో రెండు సమానమైన యిండ్లు. మొదటి యింటి విలువ 1975లో 60,000 డాలర్లు. ఏటికి నూటికి 2 వంతున పెరిగినను 45 ఏండ్లకు మదింపు 1,46,000 ప్రాంతము. పన్ను సుమారు 1,460. ప్రక్కయిల్లు 2020లో 12,00,000 డాలర్లకు కొన్నవాని పన్ను 12,000. దీపము ఒక్కటే, దారి ఒక్కటే, బడి ఒక్కటే. కొత్తగా వచ్చినవాడు ఎనిమిదిరెట్లు చెల్లించును. ప్రసిద్ధ ధనికుడు వారెన్ బఫెట్ ఈ వింతను 2003లో తన యిండ్ల లెక్కతోనే చూపెను. నెబ్రాస్కా రాష్ట్రమున ఒమాహాలో 5 లక్షల డాలర్ల యింటికి అతని పన్ను 14,410 డాలర్లు. కాలిఫోర్నియాలో లగూనా బీచ్ నందలి 40 లక్షల డాలర్ల యింటికి 2,264.

ఈ యసమానత న్యాయస్థానమునకును ఎక్కెను. 1988లో లాస్ ఏంజిలీస్ నగరమున 1,70,000 డాలర్లకు ఇల్లు కొన్న యొకామె, 1975 నుండి అట్టి యిండ్లలోనే యున్న పొరుగువారిలో కొందఱికంటె సుమారు ఐదురెట్ల పన్ను తనపై పడినదని దావా వేసెను. నార్డ్లింగర్-హాన్ అను పేర ప్రసిద్ధమైన ఆ వ్యాజ్యమున అమెరికా సుప్రీముకోర్టు 1992లో ఎనిమిదిమంది న్యాయమూర్తుల ఆధిక్యముతో చట్టమును నిలబెట్టెను. స్టీవెన్స్ ఒక్కరు విభేదించిరి. కొత్తగా కొనువానికి పన్ను ఎంతో ముందే తెలియును, ఇష్టము లేనిచో కొనకుండవచ్చును, పాతవాడు ముందే కొని చిక్కుకొనినవాడు అని ఆ తీర్పులోని వాదము. న్యాయవాదులముగా ఆ తీర్పు తర్కమును మేము గౌరవింతుము. కాని చట్టము చెల్లుట వేఱు, ధర్మముగా నుండుట వేఱు. ఇష్టము లేనిచో కొనవలదని తలదాచుకొనుటకు గూడు వెదకువానితో అనుట సమాధానమగునా?

దీనివలన పాతవారికిని ఒక సంకెల తగిలెను. పిల్లలు ఎదిగి వెడలిపోయిన వృద్ధులు చిన్నయింటికి మారుదమన్నను, కొత్తయింటికి కొత్త పన్ను పడునని కదలరైరి. ఉద్యోగము దూరమైనను పాతయిల్లు వదలనివారు అనేకులు. ఇతర రాష్ట్రములతో పోల్చి చూచిన పరిశోధకులు కాలిఫోర్నియా గృహస్థులు ఉన్నచోటనే అధికకాలము నిలిచిపోవుచున్నారని తేల్చిరి. అమ్మకమునకు వచ్చు యిండ్లు తగ్గినచో కొనువారికి మఱింత కష్టము. 1986లో పాత మదింపు తల్లిదండ్రులనుండి బిడ్డలకును సంక్రమించునట్లు చేసిరి. పన్ను తగ్గింపు వంశపారంపర్యపు హక్కు అయ్యెను. 2020లో 19వ ప్రతిపాదనచే, ఆ యింట తామే కాపురముండు బిడ్డలకు మాత్రమే, అదియు ఒక హద్దువఱకే, ఆ హక్కును కుదించిరి.

అద్దెకుండువారి గతి యేమి? యజమానుల పన్ను తగ్గినచో అద్దెలు తగ్గునని ఉద్యమకారులు ఆశ చూపిరి. జార్విస్ స్వయముగా లాస్ ఏంజిలీస్ లోని అద్దెయిండ్ల యజమానుల సంఘమునకు నిర్వాహకుడు. అద్దెలు తగ్గకపోగా, మోసపోతిమని తలచిన జనులు కదలిరి. 1979లో శాంటా మోనికా, లాస్ ఏంజిలీస్, శాన్‌ఫ్రాన్సిస్కో నగరములలో అద్దెల నియంత్రణచట్టములు వచ్చినవి. ఏలయన, అద్దెను నిర్ణయించునది యజమాని ఖర్చు కాదు. ఇండ్లకై వచ్చువారి సంఖ్యయు ఉన్న యిండ్ల సంఖ్యయు.

పట్టణముల బొక్కసము మాట క్లుప్తముగ చెప్పుదుము. మొదటి యేటనే ఆస్తిపన్ను ఆదాయము సగమునకుపైగా పడిపోయెను. రాష్ట్రప్రభుత్వము తన మిగులునుండి సొమ్మిచ్చి ఆదుకొనెను. సొమ్ముతోపాటు పెత్తనమును రాష్ట్రరాజధానికి పోయెను. బడుల ఖర్చు మొదలుకొని అనేక విషయములలో ఊరివారు రాష్ట్రమువైపు చేయి చాపవలసినవారైరి. పట్టణములు వేఱుదారులు వెదకినవి. కొత్తగా ఇల్లు కట్టువారిపై రుసుములు పెంచినవి. 1982 నాటి మెల్లో-రూస్ చట్టముచే కొత్తపేటలపై ప్రత్యేకపన్ను వేసినవి. ఆ భారమును చివరకు మోయువాడు కొత్తయిల్లు కొనువాడే. పాతవానికి ఇచ్చిన రాయితీని ధరలో ఒకమారు, పన్నులో ఒకమారు, రుసుములలో మఱియొకమారు అతడే చెల్లించెను.

అయినచో వృద్ధురాలైన వితంతువును పన్నుకొఱకు ఇల్లు వదలుమందురా అని మీరు మమ్మడుగవచ్చును. అడుగవలసినదే. ఆదాయము తక్కువైనవారికి, స్వయముగా కాపురమున్న యింటివఱకు, రాయితీ ఇయ్యవలెను. వృద్ధులకు పన్ను వాయిదా వేసి, ఇల్లు అమ్మిననాడు వసూలు చేయు పద్ధతి కలదు. కాలిఫోర్నియాయే అట్టి ఏర్పాటును కల్పించుకొన్నది. అవసరమున్నవానికి ఇచ్చు సహాయము ధరలో కలియుట అరుదు, ఏలయన అది మనిషిని బట్టి వచ్చును గాని ఇంటిని బట్టి రాదు. వితంతువు పేర మేడలకును దుకాణములకును పన్ను తగ్గించుటయే మేము కాదనునది.

మన యూళ్లకు ఇందు పాఠము కలదు. ఆంధ్రప్రదేశమున 2020లో పురపాలక శాసనములు సవరింపబడి, 2021 ఏప్రిల్ 1 నుండి ఇంటిపన్నును ఏటి అద్దెవిలువకు బదులు ఆస్తి మూలధనవిలువనుబట్టి వేయు పద్ధతి వచ్చెను. పాత పన్నుపై పెరుగుదల నూటికి 15ను మించరాదని హద్దు పెట్టిరి. ఒక్కసారిగా భారము పడకుండుటకు హద్దు అవసరమే. కాని హద్దులు చిరకాలము నిలిచినచో పాతయిల్లు ఒక తీరున, కొత్తయిల్లు ఒక తీరున చెల్లించు కాలిఫోర్నియా స్థితి మనకును రాగలదు. కావున ప్రతి పౌరుడును తన వార్డు సభ్యుని అడుగవలసినవి మూడు: ఒకే విలువగల రెండిండ్లకు ఒకే పన్ను ఉన్నదా? తగ్గింపు బీదవానికా, ఆస్తిపరులందఱికా? తగ్గిన సొమ్మును దేనిలో కోతపెట్టి పూడ్చుదురు?

ఇటుకపై పన్ను అధికమైనచో కట్టుట తగ్గును. నేలపై పన్ను వేసినచో నేల తగ్గదు. శాన్‌ఫ్రాన్సిస్కోలోనే కూర్చుండి హెన్రీ జార్జి 1879లో ప్రకటించిన గ్రంథమున ఈ సంగతినే లోకమునకు చాటెను. ధర పెరుగువఱకు ఖాళీగా ఉంచిన స్థలములపై పన్నును మన సంఘములు శ్రద్ధగా వసూలు చేసినచో, ఇల్లు కట్టుకొనువారిపై భారము కొంత తగ్గింపవచ్చును. తగ్గింపు కావలెనన్నచో ఈ దిక్కున కోరుదము.

1992 నాటి 74వ రాజ్యాంగసవరణ పురపాలకసంఘములకు రాజ్యాంగస్థానము నిచ్చినది. స్థానమున్నను స్వంత ఆదాయము లేని సంఘము స్వపరిపాలన నడుపజాలదు. చీరాల-పేరాల ప్రజలు సమ్మతి లేని పన్నును కాదని గుడిసెలలో నివసించిరి. సమ్మతించు అధికారము నేడు మన చేత నున్నది. దానిని వినియోగించునప్పుడు ఇల్లు గలవారి లెక్కతోపాటు, ఇంకను ఇల్లు లేనివారి లెక్కను గూడ మనము చూడవలెను. ఎన్నికల సభలలో వారి తరఫున మాటాడువారు తక్కువ గనుక, వచ్చు ఎన్నికలలో ఆ ప్రశ్నలను మీరే అడుగవలెనని ప్రార్థించుచు ముగించుచున్నాము.