తానై యిల్లూడ్చు యంత్రము



నేఁడు మీతో ముచ్చటింపఁబూనిన విషయము ఇల్లూడ్చుట. ఇది యొక విషయమా యని నవ్వవలదు. ప్రతి గృహమునను దెల్లవారినతోడనే మొట్టమొదటఁ జేయఁబడు పని యిదియే. ఊడ్వని యింట దీపము పెట్టుటకు మనసొప్పదు. ఊడ్వని వాకిట ముగ్గు నిలువదు. ఇంత ప్రధానమైన పనిని గూర్చి మనవారు గ్రంథములు విశేషముగా వ్రాసినట్లు కానరాదు. ఏలయనఁగా, ఊడ్చువారు వేఱు, వ్రాయువారు వేఱు. ఊడ్చినవారు మన తల్లులు, భార్యలు, కోడండ్రు, పనిమనుషులు, వ్రాసినవారు మగవారు.

అట్టి పనిని మనుష్యుని చేయి తగులకయే తనంతటఁ జేయు యంత్రమొకటి యిప్పుడు వాడుకలోనికి వచ్చినది. దూరదేశములందున్న కుమారులును, పట్టణములందున్న కుమార్తెలును దీనిని గొని పల్లెలలోని తలిదండ్రులకుఁ బంపుచున్నారు. అది యెట్లు పనిచేయును, దానివలన మేలెంత, మన యిండ్లకుఁ దగునా తగదా యను మూఁడు ప్రశ్నములకు నాకుఁ దెలిసినంత సమాధానము చెప్పెదను.

మొదట దీని పుట్టుక వినుఁడు. చీపురుతో నూడ్చునపుడు పెద్ద చెత్త పోవునుగాని సన్నని ధూళి పోదు. అది గాలిలోనికి లేచి, కొంతసేపు తేలియాడి, తిరిగి నేలమీఁదనే వాలును. ఈ నడుమ నూడ్చువారి ముక్కులోనికిఁ జేరును. 1901వ సంవత్సరమున లండను నగరమున హ్యూబర్టు సెసిల్ బూత్ అను నింజనీరు, ధూళిని గాలితో నూదివేయు యంత్రమొకదానిని జూచి, ఊదుటకంటెఁ బీల్చుట మేలు గదా యని తలంచెను. ఒక కుర్చీమీఁదఁ జేతిరుమాలు పఱచి, దానిపై నోరుంచి పీల్చి, ఉక్కిరిబిక్కిరియయ్యెనఁట! కాని రుమాలు క్రిందివైపున నంటిన మురికిని జూచి తన యూహ నిజమని తెలిసికొనెను. అతని యంత్రము గుఱ్ఱపు బండి యంతటిది. దానిని వీధిలో నిలిపి, పొడవైన గొట్టములను గిటికీలగుండ లోపలికిఁ బంపి ధూళిని లాగెడివారు.

ఇఁక నమెరికాలో, ఓహైయో రాష్ట్రమందలి కాంటన్ పట్టణమున, జేమ్సు మఱే స్పాంగ్లర్ అను నతఁ డొక యంగడిలో నేలలూడ్చు పనివాఁడు, ఉబ్బసరోగి. ఊడ్చునపుడు లేచు ధూళి యతని ప్రాణమును దోడుచుండెను. విద్యుత్తుతోఁ దిరుగు పంకా నొకదానిని, చీపురుకఱ్ఱను, దిండు గలీబును జతపఱచి, చేతఁబట్టి త్రోయఁదగిన యంత్రమును దానే కల్పించుకొనెను. 1908లో దానికి హక్కుపత్రము లభించెను; ఆ యేఁడే హూవరు కుటుంబమువారు దానిని గొనిరి. గమనింపుఁడు. ఈ చేతియంత్రము పుట్టినది విలాసమునకుఁ గాదు. ఊడ్చువాని యూపిరిని నిలుపుటకు.

అయినను దానిని ద్రోయుటకు మనుష్యుఁడుండవలెను. తనంతఁ దిరుగునది పిమ్మట వచ్చినది. స్వీడను దేశపు ఎలెక్ట్రోలక్స్ సంస్థ 2001లో ట్రైలోబైట్ అను దానిని, అమెరికాలోని ఐరోబోట్ సంస్థ 2002లో రూంబా యను దానిని విక్రయమునకుఁ దెచ్చినవి. ఇట్టివానిని రోబో లందురు. ఈ మాటకు మూలము చెక్ భాష. కారెల్ చాపెక్ అను రచయిత 1920లోఁ బ్రకటించిన నాటకమున దీనిని వాడెను. ఆ భాషలో 'రోబోత' యనఁగా వెట్టిచాకిరి. వెట్టి యననేమో తెలంగాణపుఁ బెద్దలకు నేను జెప్పనక్కఱలేదు. కూలి యడుగుటకు నోరులేక, కాదనుటకు వీలులేక చేయు పని వెట్టి. అది మనుష్యుని వీపు దిగి యంత్రముమీఁదికిఁ బోయినచో సంతోషింపవలసినదే.

ఇఁక దీని స్వరూపము. ఇది గుండ్రని పళ్లెమువలె నుండును. జానెడున్నర వెడల్పు, సుమారు నాలుగంగుళముల యెత్తు. అడుగున రెండు చక్రములు, ముందొక చిన్న చక్రము. ప్రక్కనున్న చిన్న కుంచె మూలలలోని చెత్తను లోపలికిఁ ద్రోయును. నడుమనున్న పొడవైన కుంచె గిరగిరఁ దిరుగుచు దానిని పైకెత్తును. లోపలి పంకా గాలిని లాగఁగా, కొబ్బరిబోండములో పుల్లపెట్టి పీల్చిన నీరు పైకెక్కినట్లు, ధూళి గాలివెంట నెక్కి యొక చిన్న పెట్టెలోఁ బడును. గాలి జల్లెడగుండ వడఁబోయఁబడి బయటికిఁ బోవును.

దీనికిఁ గన్ను లెట్టివి? ముందుభాగమున నొక మెత్తని యడ్డుపట్టె గలదు. గోడకుఁ దాఁకినచో వెనుకకుఁ దిరుగును. అడుగునఁ గంటికిఁ గానరాని కిరణములను నేలకుఁ బంపు దీపములు గలవు. కిరణము తిరిగి వచ్చినచో నేలయున్నది. రానిచో గొయ్యి యున్నదని తలంచి నిలిచిపోవును. అందుచేతనే మెట్లమీఁదినుండి పడదు. ముందు వచ్చిన యంత్రములు త్రోవ తెలియక యిటునటుఁ దిరుగుచు నూడ్చెడివి. 2010 ప్రాంతమునుండి లేజరు కిరణమును జుట్టును ద్రిప్పి, గోడ యెంత దూరమో, మంచపుకోడు ఎచ్చట నున్నదో కొలిచికొని, యింటి పటమును దానే గీచికొను యంత్రములు వచ్చినవి. ఇవి రైతు దుక్కి దున్నినట్లు వరుస తప్పక పోవును. లేజరు గలది చీఁకటిలోఁ గూడ నూడ్వఁగలదు. కాని యద్దములను జూచి భ్రమపడును. విద్యుత్తు తఱిగినపుడు తన పీఠమును వెదకికొని పోయి, నింపుకొని, విడిచినచోటనే తిరిగి మొదలుపెట్టునవియుఁ గలవు. ఒకసారి నిండిన విద్యుత్తుతో గంటన్నర మొదలు రెండు మూఁడు గంటలు పనిచేయును.

అంగడివారు "ఇన్ని వేల పాస్కలు"లని చెప్పుదురు. పాస్కలనునది పీడనమునకుఁ గొలత. మన చుట్టునున్న గాలి సముద్రమట్టమున సుమారు 1,01,325 పాస్కలుల యొత్తిడి గలది. యంత్రము 5,000 పాస్కలులు పీల్చునన్నచో, దాని లోపలి యొత్తిడి బయటిదానికంటె నించుమించు ఇరువదవ వంతు తక్కువగునని యర్థము. ఆ లోటు పూడ్చుటకై గాలి లోపలి కుఱుకుచు ధూళిని వెంటఁదెచ్చును. తివాచీలు లేని మన గట్టి నేలలకు రెండు మూఁడు వేలు చాలును. పెద్ద యంకెను జూచి పెద్ద వెల యీయవలదు. వెలయన్ననో, పది పదునైదు వేల రూపాయలు మొదలు లక్షకుఁ బైబడి కలదు.

మేళ్లు చెప్పెదను. మొదటిది, నడుము వంగనక్కఱలేదు. రెండవది, ధూళి లేవదు. ఉబ్బసమున్న యింట నిది చిన్న మేలు కాదు. మూఁడవది, మంచముల క్రింద, బీరువాల క్రింద, ముసలిచేయి చేరని తావులకుఁ జేరును. నాల్గవది, నియమించిన వేళకుఁ బ్రతిదినమును మఱవక చేయును. కొన్ని తడిగుడ్డను గూడ నీడ్చుకొని పోయి తుడుచును; కాని మోకాళ్లమీఁద నుండి రుద్దితుడిచినంత శుభ్రత దానికి రాదు.

ఇప్పుడు మన యిండ్ల మాట. యంత్రమును బరీక్షించుటకు ముందు ఇంటిని బరీక్షింపవలెను. మట్టినేలకును, పేఁడ యలికిన నేలకును ఇది పనికిరాదు. తాండూరు, షాబాదు బండలు సరిగాఁ బఱచియున్నచో మేలే. అతుకులు విడిచి యెగుడుదిగుడైనచోఁ జక్రము తగుల్కొనును. గడప ముప్పాతిక యంగుళము మించినచోఁ బెక్కు యంత్రములు దాఁటలేవు. మన పాతయిండ్ల గడపలు జేనెడు. కాఁబట్టి గదినుండి గదికిఁ జేతితో నెత్తిపెట్టవలసియుండును. నున్నచేసిన కడప నల్లబండ పఱచినచోట నింకొక చిత్రము గలదు. నలుపు కిరణమును మ్రింగుటచేత నది తిరిగి రాదు. యంత్రము నేలను గొయ్యి యనుకొని యడుగు వేయకుండఁ గూర్చుండవచ్చును. ముగ్గుపిండి జల్లెడను బూడ్చివేయును. నీరొలికినచోటికిఁ బోనీయరాదు. దారములు, తలవెండ్రుకలు, చాపయంచులు కుంచెకుఁ జుట్టుకొనును. పసిబిడ్డయో, కుక్కయో నేల పాడుచేసినచో, దానిని జూడక యిల్లంతయుఁ బులిమివేయుటయుఁ గలదు.

మఱి రెండు జాగ్రత్తలు. చూపు తగ్గిన వృద్ధులు నడయాడు వేళ దీనిని విడువరాదు. నాలుగంగుళముల వస్తువు కాళ్ల నడుమ మెదలినచోఁ దొట్రుపడుదురు. ఆ వయసునఁ దుంటి యెముక విఱిగినచో నూడ్పు మిగిల్చిన శ్రమ యెందులకు? వారు కూర్చుండిన పిదపనే నడపవలెను. రెండవది, కెమెరా గలవానిని గూర్చి. పరీక్షకై యిండ్లలో నుంచిన యంత్రములు తీసిన చిత్రములు, వానిని గుర్తించు పనివారి చేతులగుండ అంతర్జాలమునఁ బడినట్లు 2022లో నమెరికా పత్రిక యొకటి వెల్లడించెను. పడకగదిలోఁ గన్ను తెఱచి తిరుగు వస్తువు మన కేల? కెమెరా లేని లేజరు యంత్రము చాలును. చాలవాటికిఁ బైన మీట యుండును. చేతిఫోను లేకయే దానిని నొక్కి నడుపవచ్చును.

ఇఁక ముఖ్యమైన మాట. మా యూర నొంటరిగా నుండు వృద్ధురా లొకామెకుఁ గుమారుఁ డీ యంత్రమును బంపెను. ఆమె మూఁడు నెలలు పెట్టె విప్పలేదు. ఏలమ్మా యని యడిగితిని. "నా యిల్లు నేను ఊడ్చుకున్నన్నాళ్లు నా కాళ్లూ చేతులూ ఆడుతున్నాయని నాకు ధైర్యం, పంతులుగారూ. అది కూడా మానిపిస్తే పొద్దున్నే నేనెందుకు లేవాలి?" అనెను. ఈ మాటను దేలికగాఁ ద్రోసివేయరాదు. పనియందు శ్రమయు గలదు, గౌరవమును గలదు. రెండును ఒకే మూటగాఁ గట్టి యంత్రమున కప్పగించినచో ముసలితనమునకు మిగులునది కుర్చీ యొక్కటే.

పిమ్మట నామెయే యుపాయము కనిపెట్టెను. లోపలి గదులు, మంచముక్రిందు యంత్రమునకు. అరుగు, వాకిలి, ముగ్గు తనకు. వంగలేని పని దానిది, నిలిచి చేయఁగల పని తనది. నా యభిప్రాయమున నిదియే సరియైన పంపకము. బాధ యే పనియందున్నదో దానిని యంత్రమున కిండు. మర్యాద యే పనియందున్నదో దానిని మీయొద్దనే యుంచుకొనుఁడు.

పనిమనిషి విషయమును జెప్పవలెను. యంత్రము వచ్చినది గదా యని యామెను మానిపింపఁ జూచువారు గలరు. ఇది లెక్కకును నిలువదు. ఈ యంత్రము పెరడూడ్వదు, అంట్లు తోమదు, గడప కడుగదు. దాని పెట్టెలోని చెత్తను దినదినమును బాఱఁబోయవలెను. వారమున కొకసారి జల్లెడ దులుపవలెను. కుంచెకుఁ జుట్టుకొన్న వెండ్రుకలను గత్తెరతోఁ దీయవలెను. అడుగునున్న దీపములను బొడిగుడ్డతోఁ దుడువవలెను. వంగలేని వృద్ధులు దీనినెట్లు చేయుదురు? చేయఁగలది యా పనిమనిషియే. ఆమెకు నేర్పుఁడు. ఆమె నడుమునకు విశ్రాంతి యిండు. ఆమె కూలికిఁ గాదు.

దూరమున నున్న బిడ్డలకును ఒక మాట. మీరు పంపిన యంత్రము ధూళిని దీయును. కాని యది "అమ్మా, భోజనము చేసితివా" యని యడుగదు. చిక్కుకొన్నపుడు కొన్ని యాంగ్లమునఁ బలుకును. ఆ పలుకు తెలియక తల్లి దానిచుట్టుఁ దిరుగుచుండును. పంపునపుడు దానితోఁగూడ మీరును వచ్చి, రెండు దినములుండి, గడపలు కొలిచి, పీఠమును దగినచోటఁ బెట్టి, మీట నొక్కుట నేర్పి పొండు. బహుమానము పని చేయుటకును, మూలఁ బడియుండుటకును గల భేదమా రెండు దినములలోనే కలదు.

పెద్దలారా, క్రొత్తదగుటచే దీనిని మెచ్చనక్కఱలేదు. క్రొత్తదగుటచేఁ దెగడనక్కఱయు లేదు. నేల చదునుగా నుండి, గడపలు తక్కువగా నుండి, యింట నడుము నొప్పియో యుబ్బసమో యున్నవారు గలరేని, యిది నిజముగా నుపకారియే. అవి లేనిచోఁ గొండచీపురే చాలును. ఏది యుంచుకొన్నను, ఇంట నూడ్చువారెవరు, వారి వీపెట్లున్నది, వారి యూపిరి యెట్లున్నది యని యొక్కసారి యడిగి తెలిసికొనుఁడు. ఆ ప్రశ్న మనము చాలకాలముగా నడుగలేదు.